ధర చూసి పోయినోడి పేరు మనకెందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

గత ఆదివారం మీ వ్యాపారం పేజీలో ఒక ముక్క వచ్చింది. మీ వెబ్‌సైట్‌కు ఏయే కంపెనీల వాళ్లు వచ్చి పోతున్నారో చెప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చాయని, చిన్న వ్యాపారులు కూడా వాడుకుంటే గిరాకీ పెరుగుతుందని రాశారు. చదివి ఊరుకుందామనుకున్నా. కానీ అలాంటి సాఫ్ట్‌వేర్‌ను నలభై రోజులు వాడింది నేనే, అంతకుముందు దాని దెబ్బ తిన్నదీ నేనే, కాబట్టి మీరు రాయకుండా వదిలేసిన సగం నేను రాస్తున్నా. ఉత్తరం పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే మా దుకాణం సంగతులు కత్తిరించండి, మగ్గాల సంగతి మాత్రం ఉంచండి.

మాది వరంగల్ కొత్తవాడలో దర్రీల, అంటే జంపఖానాల వ్యాపారం. మా నాయన మొదలుపెట్టాడు, నేను నడుపుతున్నా. సొంత మగ్గాలు కొన్నే, నేతగాళ్ల దగ్గర కొని అమ్మేది ఎక్కువ. జంపఖానాలు ఫంక్షన్ హాళ్లకు, బడులకు, గుళ్లకు పోతాయి. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చాక బయటి రాష్ట్రాల నుంచి కూడా ఫోన్లు రావడం మొదలైంది, అప్పుడే మా అక్క కొడుకు "మామా, ఫొటోలు వాట్సాప్‌లో పంపుకుంటూ ఎన్నాళ్లుంటం" అని పోరు పెట్టి వెబ్‌సైట్ తయారు చేశాడు. సైట్ బాగానే ఉంది. సైజులు, రంగులు, ధరలు, ఎక్కడికి పంపితే ఎంత చార్జీ, అన్నీ పెట్టాడు. ధరలు దాచకుండా పెట్టడం నాకు ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నా.

ముందు నేను దెబ్బ తిన్న సంగతి చెప్తా. ఒక సీజన్లో నూలు రేటు బాగా పెరిగింది. నాకు నూలిచ్చే సేటు ఇరవై ఏళ్లుగా ఉద్దెర మీదే ఇస్తున్నాడు, మా అమ్మాయి పెళ్లప్పుడు రెండు నెలల బాకీ అడగకుండా ఆగిన మనిషి. అలాంటి మనిషిని కాదని ఇంకో చోట రేటు అడగాలంటే మొహమాటం. అందుకే ఒక రాత్రి షట్టర్ దించి, లోపల కంప్యూటర్ ముందు కూర్చుని, వేరే రాష్ట్రంలోని ఒక నూలు మిల్లు సైట్ తెరిచా. రేట్ల పేజీ చూశా, మూశా, మళ్లీ చూశా, ఎన్ని రోజుల ఉద్దెర ఇస్తారో ఎక్కడైనా రాశారేమోనని వెతికా, కనబడలేదు, ఇంటికి పోయి పడుకున్నా. పేరు రాయలేదు, నంబర్ ఇవ్వలేదు, ఏ బటనూ నొక్కలేదు. తెల్లారి దుకాణం తెరిచి దేవుడి పటానికి అగరొత్తులు ముట్టిస్తుంటే ఫోన్. "సార్, రాత్రి మా రేట్ల పేజీ మూడుసార్లు చూశారు కదా, ఏ నంబర్ నూలు కావాలి సార్?"

అగరొత్తి చేతిలోనే కాలిపోయింది. ఆ పిలగాడు మర్యాదగానే మాట్లాడాడు, తప్పు పట్టను. కానీ మూడుసార్లు అన్నాడు చూడండి, ఆ లెక్క దగ్గర నాకు గుండె ఝల్లుమంది. నూలు లోకం చాలా చిన్నది. మిల్లు ఏజెంట్లు, కమిషన్ వాళ్లు, సేట్లు అందరూ ఒకే హోటల్లో చాయ్ తాగుతారు. "కొత్తవాడ నుంచి ఫలానా ఆయన మన రేట్లు చూస్తున్నాడు" అని ఒక్క మాట అటు పడితే సాయంత్రానికి సేటు చెవిలో ఉంటుంది. అదృష్టం బాగుండి పడలేదు. కానీ రెండు వారాలు సేటు ఫోన్ వచ్చినప్పుడల్లా నాకు టెన్షనే.

మా అక్క కొడుకు కూర్చుని ఆరా తీస్తే సంగతి బయటపడింది. అంతకు మూడు నెలల ముందు ఆ మిల్లు వాళ్లు రేట్ల మెయిల్ ఒకటి పంపారు, నేను అందులో లింకు నొక్కా. అందరికీ ఒకే లింకు పంపరట, లింకు చివర ఒక తోక ఉంటుందట, నాకు పంపిన తోక వేరు, మీకు పంపిన తోక వేరు. నొక్కగానే నా మెయిల్, నా బ్రౌజర్ రెండింటికీ ముడి పడిపోయింది. కుకీ అంటారే, ఆ చిన్న ఫైలు మా కంప్యూటర్లో కూర్చుంది. ఆ తర్వాత నేను ఎప్పుడు పోయినా కొత్తోణ్ని కాను వాళ్లకు. పైగా మేం సీసీ కెమెరాలు ఇంటి నుంచి ఫోన్‌లో చూసుకోవడానికని నెట్ వాళ్ల దగ్గర స్టాటిక్ ఐపీ తీసుకున్నాం, అంటే మా దుకాణం నెట్‌కు మారని నంబర్. దొంగలు రాకుండా పెట్టుకున్న కెమెరా కోసం తీసుకున్న నంబరే మా ఆచూకీ చెప్పడానికి పనికొస్తుందని ఎవరనుకుంటారు?

మీ ముక్కలో ఈ పని ఎలా జరుగుతుందో రాయలేదు కాబట్టి నాకు అర్థమైనంత చెప్తా. ఎవరు ఏ సైట్ తెరిచినా వాళ్ల ఐపీ నంబర్ ఆ సైట్ సర్వర్లో పడుతుంది. అది తప్పు కాదు, ఉత్తరం మీద పంపినవారి చిరునామా లేకపోతే జవాబు ఎక్కడికి పంపాలి? ఈ నంబర్లను గంపగుత్తగా పంచే సంస్థలున్నాయి. ఆసియా పసిఫిక్ దేశాలకు ఏపీనిక్ అని ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంది, మన దేశంలో ఇంటర్నెట్ వ్యవహారాలు చూసే నిక్సీ అనే సంస్థ కింద ఇరిన్ అనే రిజిస్ట్రీ ఉంది. ఏ నంబర్ల వరస ఎవరి పేరు మీద ఉందో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు, దాచిందేం లేదు. పెద్ద కంపెనీలు, యూనివర్సిటీలు, ప్రభుత్వ ఆఫీసులు చాలావరకు తమ పేరు మీదే వరసలు తీసుకుంటాయి కాబట్టి ఆ ఆఫీసులో కూర్చుని ఎవరు సైట్ చూసినా ఆఫీసు పేరు తెలిసిపోతుంది. ఒకప్పుడు సైట్‌కు వచ్చిపోయేవాళ్ల లెక్క చెప్పే గూగుల్ అనలిటిక్స్‌లో కూడా ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చారో పేరు కనబడేది, 2020లో తీసేశారు. అది పోయాక ఈ సాఫ్ట్‌వేర్లకు ఇంకా గిరాకీ పెరిగింది. ఫిన్లాండ్‌లో పుట్టిన లీడ్‌ఫీడర్, బ్రిటన్ వాళ్ల లీడ్ ఫోరెన్సిక్స్, 2023లో అమెరికా కంపెనీ హబ్‌స్పాట్ కొనుక్కున్న క్లియర్‌బిట్ ఇలాంటివే. నేను వాడింది వీటిలో ఏదీ కాదు, దాని పేరు ఇక్కడ అనవసరం.

కానీ మనలాంటి ఊళ్లలో ఆఫీసు పేరు మీద నంబర్ల వరసలు ఎవరికున్నాయి? సైట్ చూసేవాళ్లలో ఎక్కువ మంది ఫోన్‌లో చూస్తారు. పాత పద్ధతి ఐపీ నంబర్లు ప్రపంచం మొత్తానికి దాదాపు 429 కోట్లే, అవి చాలక ఫోన్ కంపెనీలు ఒకే నంబర్ వెనక చాలామంది కస్టమర్లను కూర్చోబెడతాయి. ఒకే ఇంటి నంబర్ మీద వంద పోర్షన్లు ఉన్నట్టు. అక్కడ ఐపీ చూస్తే జియో అనో ఎయిర్‌టెల్ అనో వస్తుంది తప్ప దుకాణం పేరు రాదు. 2020 తర్వాత ఇళ్లలో కూర్చుని ఆఫీసు పనులు చేయడం పెరిగాక పెద్ద కంపెనీలది కూడా అదే కథ. అందుకని ఐపీ ఒక్కటే నమ్ముకోకుండా మెయిల్ లింకుల తోకలు, కుకీలు, ఎప్పుడో ఎక్కడో నింపిన ఫారాలు, కొనుక్కొచ్చిన డేటాబేసులు, ఇవన్నీ కలిపి కుడతారు. "మేం కంపెనీని మాత్రమే గుర్తిస్తాం, మనిషిని కాదు" అని వీళ్లు చెప్పే మాట ఇక్కడికొచ్చేసరికి నిలబడదు. తోక ఉన్న లింకు పోయింది మనిషి మెయిల్‌కే కదా.

ఇక నా వైపు తప్పు. ఆ దెబ్బ తిన్నాక బుద్ధి రావాలి, నాకు ఆశ వచ్చింది. వాళ్లు నన్ను చూసినట్టు నేనూ నా గిరాకీలను చూడొచ్చు కదా అని. హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి పద్నాలుగు రోజులు ఉచితం అన్నాడు, తర్వాత నెలకు కొంత కట్టాం. మా అక్క కొడుకు సైట్‌లో రెండు లైన్ల కోడ్ పెట్టాడు, మా మెయిల్ లిస్టు దానికి తగిలించాడు, పాత గిరాకీలు, తోటి వ్యాపారులు అందరికీ కలిపి రెండు వందల మందికి కొత్త రేట్ల మెయిల్ పంపాడు. అప్పటి నుంచి నాకు పొద్దున లేవగానే పేపర్ చదవడం పోయి ఆ పట్టిక చూడటం అలవాటైంది. ఎవరు, ఎప్పుడు, ఏ పేజీ, ఎన్ని నిమిషాలు.

మొదటి వారం సినిమా చూసినట్టే ఉంది. ఎక్కువ వరసల్లో ఫోన్ కంపెనీల పేర్లే. మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి అసలు పేర్లు. హైదరాబాద్‌లోని ఒక పెద్ద కంపెనీ పేరు కనిపించింది, పన్నెండు అడుగుల దర్రీల పేజీ చూశారని. మేం ఎగిరి గంతేశాం, ఆఫీసుకు పెద్ద ఆర్డరేమో అని. మా అక్క కొడుకు వాళ్ల రిసెప్షన్‌కు ఫోన్ చేసి "మీకు జంపఖానాలు కావాలని తెలిసింది మేడమ్" అన్నాడు. ఆమె మర్యాదగా పెట్టేసింది. తర్వాత టైం చూస్తే మధ్యాహ్నం ఒకటింబావు. ఎవరో ఉద్యోగి సద్ది తింటూ ఇంట్లో పూజకు జంపఖానా వెతుక్కున్నాడంతే. పాపం, వాళ్ల మేనేజర్ ఆ ఫోన్ గురించి ఎంక్వయిరీ పెట్టాడో ఏమో. ఆఫీసు నెట్‌లో ఇంటి పని చూసుకున్నందుకు ఆ ఉద్యోగికి మాట పడితే నాదే పాపం.

లాభం రాలేదని అబద్ధమాడను. ఒక పెద్ద స్కూల్ వాళ్లు మూడు రోజులు వరసగా చూస్తున్నారని పట్టికలో కనబడితే మేమే ఫోన్ చేశాం, ఆర్డర్ వచ్చింది, డబ్బూ టైంకే వచ్చింది. మేం ఫోన్ చేయకపోయినా వాళ్లు చేసేవాళ్లేనేమో, మూడు రోజులు చూసినవాళ్లకు చేయడం రాదా. అయినా ఆ ఆర్డర్ చూసే, ఉచితం అయిపోయాక నెల డబ్బు కట్టా.

ఇప్పుడు అసలు సంగతి. ఇందులో ఉన్నాయన ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నా, ఈ ఉత్తరం గొడవే అది కాబట్టి. మా సైట్‌లో అడుగున ఒక పేజీ ఉంది, "పాత మగ్గాలు, మగ్గం సామాను కొంటాం" అని. ఎవరూ చూడరనే అనుకునేవాణ్ని. ఒక రోజు పొద్దున పట్టికలో ఆ పేజీ పక్కన ఒక దుకాణం పేరు. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషిది. ఆయన నాయన, మా నాయన కలిసి సంతకు పోయేవాళ్లు. పోటీ వ్యాపారమే అయినా దసరాకు జమ్మి ఇచ్చుకుని అలాయ్ బలాయ్ తీసుకునేవాళ్లం. రాత్రి పదకొండు దాటాక నాలుగు నిమిషాలు ఆ పేజీ మీద ఉన్నాడట. రెండు రోజులకు మళ్లీ. ఆ వారంలో మరో రెండుసార్లు. ఆయనకూ మేం పంపిన రేట్ల మెయిల్ పోయింది, ఆయన లింకు నొక్కాడు, తోక పట్టుబడింది.

మగ్గాలు అమ్ముదామనుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఇంట్లో ఆడవాళ్లకు చెప్పాడో లేదో తెలియదు, కొడుక్కు చెప్పాడో లేదో తెలియదు. నాకు మాత్రం తెలిసింది, తేదీలతో, నిమిషాలతో సహా. ఆ సాయంత్రం చౌరస్తాలో చాయ్ దగ్గర కలిశాడు. "ఎట్లుంది అన్నా గిరాకీ" అంటే "ఏదో నడుస్తుంది" అన్నాడు. నేను గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నా. ఎదుటి మనిషి కష్టం వాడు చెప్పకముందే తెలిసి, తెలియనట్టు మొహం పెట్టడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

చిన్నప్పుడు మా తాత నన్ను ఎడ్ల అంగడికి తీసుకుపోయేవాడు. అక్కడ దళారులు చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని బేరం చేసేవాళ్లు. చుట్టూ యాభై మంది నిలబడి చూస్తున్నా ఎవడు ఎంతడిగాడో, ఎవడు ఎంతకు దిగాడో బయటికి రాదు. నాకు అదేదో గారడీ అనిపించేది. మా తాత చెప్పాడు, అమ్మేవాడికి ఎంత అవసరముందో తెలిస్తే కొనేవాడు వాడి గొంతు మీద కూర్చుంటాడురా, అందుకే ఆ తువ్వాల అని. పట్టికలో ఆ వరస చూసినప్పుడు నేను చేసింది ఆ తువ్వాల లేపి చూడటమే, అదీ ఆయనకు తెలియకుండా.

నెలన్నర తర్వాత ఆయనే వచ్చాడు. అటూ ఇటూ మాట్లాడి, "మా దగ్గర మూలకు పడున్న మగ్గాలున్నయి, ఏమన్నా పనికొస్తయా" అన్నాడు. ఒక ధర చెప్పాడు. నేను మారు మాట్లాడకుండా సరే అన్నా. న్యాయం చేస్తున్నా అనుకున్నా నా లెక్కలో. కానీ ఎప్పుడూ రూపాయి రూపాయికి బేరమాడే నేను సరే అనేసరికి ఆయనకు అనుమానం వచ్చింది. "నీకు ముందే ఎవరన్నా చెప్పిన్రా?" అని అడిగాడు. లేదన్నా. అబద్ధం కాదు, ఎవరూ చెప్పలేదు. డబ్బు తీసుకుని పోయాడు గానీ అప్పటి నుంచి చాయ్ దగ్గర కలవడం తగ్గింది. ఎవరో తన గుట్టు నాకు చెప్పారని ఎవరిని అనుమానిస్తున్నాడో, కొడుకునో, పనివాళ్లనో.

ఇక చట్టం సంగతి. ఐరోపాలో ఈ గొడవ ఎప్పుడో కోర్టుకెక్కింది. జర్మనీలో పాట్రిక్ బ్రేయర్ అనే రాజకీయ నాయకుడు, ప్రభుత్వ సైట్లు చూసినప్పుడు తన ఐపీ నంబర్ దాచుకుంటున్నారని ప్రభుత్వం మీదే కేసు వేశాడు. 2016 అక్టోబరులో ఐరోపా కోర్టు చెప్పిందేమిటంటే, మారుతూ ఉండే ఐపీ నంబర్ కూడా, దాని వెనక మనిషెవరో తెలుసుకునే చట్టబద్ధమైన దారి సైట్ వాళ్లకు ఉంటే, వ్యక్తిగత సమాచారమే అవుతుందని. 2018 మే 25 నుంచి అక్కడ జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లో ఉంది. అమెరికాలో మాత్రం కొన్ని సాఫ్ట్‌వేర్లు కంపెనీ పేరు దగ్గర ఆగకుండా సైట్ చూసిన మనిషి పేరే అందిస్తున్నాయి. మనం ఈ రెండింటిలో ఏ దారి పడతామో ఇప్పుడే తేలాలి.

మన దగ్గర 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఒక్క మాటగా చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి, అందులో కంపెనీల మీద బాధ్యతలు పెట్టే ముఖ్యమైన భాగాలు పద్దెనిమిది నెలల గడువు తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. డేటా భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాశారు. బాగుంది. కానీ ఆ చట్టం కాపాడేది వ్యక్తి సమాచారాన్ని, కంపెనీ సమాచారాన్ని కాదు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఈ సందులోంచే దూరుతున్నారు. మాకు అమ్మిన ఆయన్ని నేను అడిగితే "సార్, ఇది బీటూబీ, అంటే కంపెనీకి కంపెనీకి మధ్య వ్యాపారం, ఇక్కడ ప్రైవసీ ప్రాబ్లమ్ రాదు, కంపెనీకి ప్రైవసీ ఏంటి?" అని నవ్వాడు.

అయ్యా, మా కొత్తవాడలో కంపెనీ అంటే ఎవరు? నేనే. బోర్డు మీద పేరు మా అమ్మది, బ్యాంకు ఖాతా నాది, ఫోన్ నంబర్ నాది, అప్పు నాది. వరంగల్, కరీంనగర్, జమ్మికుంట ఎక్కడికైనా పోండి, బజార్లో దుకాణాలు చాలావరకు ఒక్క మనిషి పేరు మీద నడిచేవే, ప్రొప్రయిటర్ అంటారు. మీ దగ్గరున్న ఏదైనా బిల్లు తీసి జీఎస్టీ నంబర్ చూడండి. మొదటి రెండంకెలు 36 అని ఉంటే తెలంగాణ. తర్వాతి పది అక్షరాలు ఆ వ్యాపారి పాన్ నంబరే. మొదటి నుంచి లెక్కబెడితే ఆరో అక్షరం దగ్గర ఆగండి. అక్కడ సి ఉంటే కంపెనీ, ఎఫ్ ఉంటే భాగస్వాముల సంస్థ, పి ఉంటే మనిషి. మా బిల్లు మీద పి ఉంది. ఆదాయపు పన్ను వాళ్లకు నేను మనిషినని తెలుసు, ఈ సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గరికొచ్చేసరికి కంపెనీని ఎట్లయిన?

జీఎస్టీ పోర్టల్లో నంబర్ కొడితే నా పేరు, దుకాణం చిరునామా ఎవరికైనా కనిపిస్తాయి కదా అనొచ్చు. కనిపిస్తాయి. చట్టప్రకారం బయటపెట్టిన సమాచారానికి ఈ డేటా చట్టం వర్తించదని కూడా అందులోనే ఉంది. సరే, పేరు బహిరంగమే. రాత్రి పదకొండు గంటలకు ఆ పేరు గల మనిషి ఏ పేజీ ఎన్నిసార్లు చూశాడన్నది కూడా బహిరంగమేనా? నా ఇంటి నంబర్ మున్సిపాలిటీ వాళ్లు గోడ మీద రాశారు, అంతమాత్రాన కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూస్తామంటే ఎట్లా? పి అక్షరం ఉన్న వ్యాపారి వెబ్‌సైట్లలో ఏం చూశాడన్నది వ్యక్తిగత సమాచారమేనని, అడగకుండా తీసుకోకూడదని, ఆ చట్టం కింద ఉన్న డేటా ప్రొటెక్షన్ బోర్డు ఒక్క ముక్క స్పష్టంగా చెప్పాలి. నేను ఇంత పొడుగు ఉత్తరం రాసింది దీనికోసమే. మన చాంబర్ ఆఫ్ కామర్స్ పెద్దలు ట్రేడ్ లైసెన్సులు, పార్కింగ్ గొడవలతో పాటు దీన్ని కూడా ఒకసారి పైకి రాయాలి.

ఇంకో మాట, సైట్లు తయారు చేసే పిలగాళ్లకు. హన్మకొండలో, కాజీపేటలో చాలామంది చేస్తున్నారు, మంచి పనిమంతులు. కానీ సైట్ కట్టి ఇచ్చేటప్పుడు అందులో ఏమేం కోడ్లు పెట్టారో దుకాణదారుకు చెప్పడం లేదు. నాకు తెలిసిన ఒక మందుల దుకాణం ఆయనకు తన సైట్‌లో, చూసినవాళ్ల జాడ పట్టే ట్రాకర్లు నాలుగు రకాలున్న సంగతే తెలియదు. మందుల దుకాణం సైట్‌లో ఎవరు ఏ మందు చూశారన్నది ఎంత సున్నితమైన విషయమో నేను చెప్పాలా? రేపు చట్టం పూర్తిగా అమల్లోకి వస్తే నోటీసు వచ్చేది కోడ్ పెట్టిన పిలగాడికి కాదు, దుకాణదారుకు.

ఈ ఫోన్లతో విసిగిపోయినవాళ్లకు ఒక చిన్న ఉపాయం. ప్రచారం ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం. మామూలు పదంకెల నంబర్ నుంచి చేసి అమ్మజూపితే, ఏడు రోజుల్లోగా 1909కు ఫిర్యాదు చేయొచ్చు, ఉచితమే. దీంతో ఫోన్ ఆగుతుందేమో గానీ చూడటం ఆగదు. మెయిల్లో వచ్చిన లింకు నొక్కకుండా సైట్ పేరు మనమే టైప్ చేసుకుని పోవడం, బ్రౌజర్లో కుకీలు అప్పుడప్పుడు తుడిచేయడం కొంత నయం. మా సేటుకు కూడా ఇదే చెప్పా, ఎందుకు చెప్తున్నానో ఆయనకు చెప్పలేదు.

మీ పేపర్‌ను కూడా వదలను, ఏమనుకోకండి. ఆ ముక్క చదివాక మా అక్క కొడుకు మీ వెబ్‌సైట్ తెరిచి చూపించాడు. కుకీలకు ఒప్పుకుంటారా అని అడుగున ఒక పట్టీ వస్తుంది, మొత్తం ఇంగ్లిష్‌లో. వార్తలు తెలుగులో, ప్రకటనలు తెలుగులో, రాశిఫలాలు తెలుగులో, మా సంగతులు తీసుకుంటామని అడిగే మాట మాత్రం ఇంగ్లిష్‌లో. కొత్త చట్టం ప్రకారం అనుమతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఇరవై రెండు భాషల్లో కోరుకున్న భాషలో గానీ చదువుకునే వీలివ్వాలి. అందులో మన తెలుగు ఉంది. గడువు దాకా ఆగకుండా మీరే ముందు మొదలుపెడితే మాలాంటివాళ్లం మిమ్మల్ని చూసి రాసుకుంటాం.

మేం మాత్రం నలభయ్యో రోజు ఆ కోడ్ తీసేశాం. మిగిలిన నెల డబ్బు తిరిగి రాదన్నారు, పోనీ అన్నా. పాత పట్టిక చెరిపేయమని రెండుసార్లు మెయిల్ పెట్టాం, చెరిపామని జవాబు వచ్చింది, నమ్మడం తప్ప ఏం చేస్తాం. సర్వర్లో ఐపీ నంబర్లు ఎలాగూ పడతాయి, సర్వర్ అద్దెకిచ్చే హోస్టింగ్ వాళ్ల దగ్గర ఉంటాయి, వాటిని పేర్లుగా మార్చే పని మానేశాం. ఆ మాటే సైట్ అడుగున తెలుగులో రాయించా: "ఈ సైట్ చూసినవాళ్లెవరో మేం ఆరా తీయం. ధర నచ్చితే మీరే ఫోన్ చేయండి."

పోయిన వారం హుజూరాబాద్ దగ్గర ఫంక్షన్ హాల్ నడిపే ఒకాయన ఫోన్ చేశాడు. ముందు జంపఖానాల సంగతి కాదు, ఆ అడుగు లైను గురించే అడిగాడు. "అట్లెందుకు రాసిన్రు? అంతకుముందు చూసేటోళ్లా?" అని. "చూసిన, నలభై రోజులు" అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. పెట్టేశాడేమో అనుకున్నా. తర్వాత అడిగాడు, పన్నెండు బై పదిహేను నీలం రంగువి ఎనిమిది తీసుకుంటే ఎంతకిస్తావని. గంటసేపు బేరమాడాడు.

ఇట్లు,
ఒక దర్రీల వ్యాపారి,
కొత్తవాడ, వరంగల్.

(నా పేరు, నంబర్ మీ రికార్డు కోసం విడిగా కాగితం మీద పంపుతున్నా. అచ్చు వేయొద్దని మనవి. పేరు వేస్తే మగ్గాలు అమ్మిన మనిషి ఎవరో మా గల్లీలో అందరికీ తెలిసిపోతుంది.)